పులస అల్లబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి, మీ అత్త ఆశీస్సులు.

పుష్కరాలకి గోదారి పక్క పార్కులో పాతిక అడుగుల పులసని అల్లే పని నీకొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చెబుతూ రెండుసార్లు దగ్గాడు. ఏడుపు ఆపుకున్నాడన్నమాట. బుట్టలూ చేటలూ అల్లే ఇంట్లో పుట్టి, ఇంగ్లండు వెళ్లి మళ్లీ అల్లికే నేర్చుకొచ్చావని అప్పట్లో నవ్వాను. ఇప్పుడు గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టడం లేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, ఒక్కటీ చెవికెక్కదు. అందుకే ఉత్తరం.

విల్లో చెట్టు పుల్లల కట్టలు ఇంగ్లండునుంచే తెప్పిస్తానన్నావట. ఎందుకురా? చలికాలంలో ఆకు రాలాక కోసి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి అల్లే పుల్ల అది. ఆ చల్లటి దేశంలోనే ఆరుబయట కొన్నేళ్లకి పెళుసెక్కుతుందని నువ్వే చెప్పావు. మన ఎండకీ ముసురుకీ ఇంకేం ఆగుతుంది? మన్యం వెదురు తీసుకో. విల్లోని పుల్లకి పుల్లగా వంచడం నీ చేతికి అలవాటైపోయింది, వెదురైతే చీల్చాలి. కణుపు దగ్గర బలవంతం చేస్తే విరుగుతుంది. పై చర్మంతో తీసిన బద్దే బయటికి వాడు, లోపలి మెత్తటిది వానకి తడిసి ముందుగా కుళ్లుతుంది.

బొంగు మూడేళ్లయినా ముదిరుండాలి, చలికాలంలో కొట్టిందై ఉండాలి. లోపల తీపి ఎక్కువుంటే పురుగు వెతుక్కుంటూ వస్తుంది, కింద పిండి రాలడం మొదలవుతుంది. కొట్టాక కాలవలో మునిగేలా పైన రాళ్లు పెట్టి నానబెట్టు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అప్పుడొచ్చి "అత్తా, నీళ్లేవీ" అనకు. బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో పెట్టడం మంచిదే, కానీ ఆ మందు వానకి కొట్టుకుపోతుంది. పైన వార్నిషు ఏటేటా వెయ్యాల్సిందే. ఆ ఖర్చెవరిదో ఇప్పుడే కాగితం మీద రాయించు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నా టెన్షన్ గాలి గురించి.

మీ మావయ్య చేసిన హంస సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నువ్వు పుట్టకముందు మాట. పక్కూరి జాతరకి చెరువు గట్టున పెద్ద హంస పెట్టాలని కమిటీవాళ్లు వచ్చారు. ఆయన పనితనం తెలుసుగా, ఆయన చేటలోంచి నూక కూడా జారేది కాదు. హంసనీ అలాగే అల్లాడు. రెక్కల్లో వేలు దూరే సందు లేదు. చూడొచ్చినవాళ్లు మెచ్చుకునేకొద్దీ ఇంకా దగ్గరగా బిగించాడు. బుట్టకి బిగుతే అందం మరి. అదే అలవాటుతో అంతెత్తు రెక్క అల్లేసరికి తెరచాప తయారైంది. ఆ మాట అప్పుడు ఒక్కడికీ తట్టలేదు.

వైశాఖంలో సాయంత్రంపూట గాలివాన ఎలా లేస్తుందో చూశావు కదా. ఆకాశం నల్లబడిందని అనుకునేలోపే దుమ్ము కళ్లలో పడింది. హంస ఒక పక్కకి మూలిగి, గుంజలతో సహా లేచింది. గుంజలు లోతుగానే పాతారు, అయితే అది ఒండ్రు నేల, అడుగున తడి. బురదలోంచి కాలు వచ్చినట్టు వచ్చేశాయి. హంస వెళ్లి చెరుకురసం బండి మీద పడింది. బండి నీడన కూర్చున్న కుర్రాడికి జబ్బ విరిగింది. బతికాడు, ఇప్పుడు వాడికి పెళ్లీడు పిల్లలు. నాకు మాత్రం నీ పులస అనగానే ఆ పిల్లాడి కేకే వినిపిస్తోంది.

కమిటీవాళ్లు గుంజలు పాతినవాణ్ణి తిట్టి వెళ్లిపోయారు. మీ మావయ్య ఎవర్నీ ఏమీ అనలేదు. ఊడిన రెక్కని ఇంటికి మోయించుకొచ్చి, దీపం పెట్టుకుని, బద్ద విడిచి బద్ద లాగేశాడు. తెల్లారి దాన్ని గోడకానించి, నన్ను వీధి అవతల నిలబెట్టి "చూడవే" అన్నాడు. సగం బద్దలు లేవు, అయినా రెక్క రెక్కలాగే ఉంది. దూరంనుంచి కంతలు కనబడవురా. మిగతాది కన్నే అల్లుకుంటుంది.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. మీ ఇంజినీరుని తుపాను గాలికి లెక్క కట్టమను, మామూలు గాలికి కాదు. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో మీ నాన్నని అడుగు. నీ అదృష్టం, చేపకి పొలుసులుంటాయి. పొలుసుకీ పొలుసుకీ మధ్య సందులు దేవుడే ఇచ్చాడు, అందం కోసం వాటిని పూడ్చకు. తోక ఇంకా పల్చగా అల్లు, అంత ఎత్తున ఉన్నది ముందు అదే ఊగుతుంది. లోపల ఇనప గొట్టాల చట్రం, అడుగున కాంక్రీటు దిమ్మ తప్పదు. వెదురు నేలని తాకకూడదు, తాకితే చెదలకి పిలుపే. ఏటిగట్టు జోలికి మాత్రం పోకు, వరదొచ్చినప్పుడు ఊరిని కాసేది అదే. ఇరిగేషన్ వాళ్లనడక్కుండా గట్టు మీద చిన్న గుంటయినా తవ్వకు.

"కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి అంతంత వెదురు ప్రభలు కడుతున్నారుగా, వాటికి గుడ్డ కూడా చుడతారుగా" అంటావేమో. కనుమనాడు వాటిని భుజాన మోసే మగాళ్లు పక్కనే ఉంటారు. నీ పులస పక్కన అర్ధరాత్రి ఎవరుంటారు?

ఇంకోటి, నిప్పు. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో సెరీనా డి లా హే అనే ఆవిడ నలభై అడుగుల విల్లో మనిషిని అల్లిందని ఫోటో చూపించావు గుర్తుందా? 2000లో నిలబెడితే 2001లో ఎవరో తగలబెట్టారట. మళ్లీ అల్లి, ఈసారి చుట్టూ కందకం తవ్వించిందట. గట్టిది! లోపల ఇనప చట్రం ఉన్నా పైనుంచి పక్షులు గూళ్లకి పుల్లలు ఎత్తుకుపోయాయన్నావు. పక్షుల్ని పోనీ. మన దగ్గర దీపావళి ఉంది, చుట్ట కాల్చి పారేసేవాళ్లున్నారు. చుట్టూ కంచె వేయించు, ఎండుగడ్డి పెరగనివ్వకు.

కంచె వేసినా పిల్లలు ఎక్కుతారు. నువ్వు మా వెదురు కుప్ప ఎక్కి పడిన మచ్చ ఇంకా మోకాలి మీదుందా? కింది బారున బద్దల అంచులు గీకించు, కొసలు లోపలికి మడువు. పిల్లల కళ్ల ఎత్తులో ఒక్క కొస కూడా బయటికి ఉండకూడదు.

మొదలుపెట్టే ముందు బొమ్మ గీసి పంపు. బద్దలు చీల్చడానికి మన వీధిలో చెయ్యి తిరిగిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. కూలి ముందే మాట్లాడుకో, పుష్కరాల పుణ్యమని చెప్పి బేరమాడకు. బోర్డు మీద నీ పేరు పక్కనే వాళ్ల పేర్లూ రాయించు. అల్లిక మొదలయ్యాక నేనూ వస్తాను. నా మోకాళ్ల నొప్పుల గురించి మీ నాన్నతో అనకు, రానివ్వడు.

మీ అత్త