ప్రయోగశాలలో గొంగళి పురుగులను ఆకులు లేకుండా ఎలా పెంచుతారు?

కృత్రిమ ఆహారంతో. గోధుమ మొలక భాగపు పొడి, పాల నుంచి తీసిన కేసిన్, చక్కెర, లవణాలు కలిపి, సముద్రపు నాచు నుంచి తీసే గడ్డకట్టించే పదార్థమైన అగర్‌తో ఉడికిస్తారు. చల్లారితే కత్తితో ముక్కలు కోసేంత గట్టిపడుతుంది. విటమిన్లను మాత్రం వేడి కాస్త తగ్గాకే కలపాలి, లేకపోతే పాడవుతాయి. బూజు పట్టకుండా సార్బిక్ ఆమ్లం వేస్తారు. ఆకులైతే కోతకోతకూ పోషకాలు మారిపోతాయి, ప్రయోగ ఫలితాలను పోల్చడం కష్టం.

పరిశోధకులకు బాగా అలవాటైన జాతి అమెరికా ఖండాలకు చెందిన చిమ్మట మాండూకా సెక్స్‌టా. గుడ్డు నుంచి వచ్చినప్పుడు దాని బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. దాదాపు మూడు వారాల్లో 10 గ్రాములకు చేరుతుంది! సాధారణంగా 25–27 డిగ్రీల సెల్సియస్ వేడి, రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. వెలుతురు గంటలు బాగా తగ్గిస్తే ప్యూపాలు (గొంగళి పురుగుకూ రెక్కల చిమ్మటకూ మధ్య దశ) నెలల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి.

తమాషా ఏమిటంటే, ఆకుపచ్చగా ఉండాల్సిన ఈ పురుగు కృత్రిమ ఆహారం మీద నీలంగా పెరుగుతుంది. ఆకుల్లోని పసుపు వర్ణకాలు అందవు కదా.

ఎదుగుదల పూర్తయ్యాక తిండి మానేసి డబ్బాలో అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు వీపు మీద చర్మం కింద గుండె నాళం కొట్టుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. అది చూడగానే ప్యూపాగా మారేందుకు చెక్క దిమ్మెలోని రంధ్రంలోకి చేరుస్తారు.

శనగపచ్చ పురుగుతో తలనొప్పి వేరు. అవి ఒకదాన్నొకటి తినేస్తాయి, కాబట్టి కాస్త ఎదగగానే దేని గది దానికే.