బతికున్న అత్త వివరాలు బయటపడ్డాయి

ప్రశ్న: మా తమ్ముడు వంశవృక్షాన్ని ఫ్యామిలీసెర్చ్‌ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో పెట్టాడు. బతికున్న మా మేనత్త పుట్టిన తేదీ అందరికీ కనిపిస్తోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కడ బతికున్నవాళ్ల వివరాలు బయటివాళ్లకు కనపడవు. కనపడుతున్నాయంటే ఆమెను పొరపాటున చనిపోయినవాళ్లలో చేర్చి ఉంటారు. ఆమె పేజీలో మరణం పక్కనున్న ఎడిట్ నొక్కి, 'లివింగ్' (బతికున్నారు)గా మార్చి, కారణం రాయమని మీ తమ్ముడికి చెప్పండి.

పుట్టిన సంవత్సరమే కదా అనుకోకండి. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి 4 ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం; అంతే! జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఆ ఫైలు మిగిలిపోతే తెరవడం ఎంతసేపు? పుట్టింటి ఇంటిపేరు కూడా తీసేయించండి, కొన్ని ఖాతాల్లో భద్రతా ప్రశ్న అదే.

ఈలోపే ఎవరైనా కాపీ చేసుకునుంటే మాత్రం అది ఈ మార్పుతో పోదు. వాళ్లనే అడిగి తీయించాలి.