చపాటా మిర్చి పంపబోతున్న బిడ్డకు

బిడ్డా,

ఉద్యోగం మానేసి మన చపాటా మిర్చిని జర్మనీకి పంపే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన వరంగల్ మిర్చికి 2025లో జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు పంటేనని చెప్పే ముద్ర) వచ్చిందని మురిసిపోయినవాణ్ణి, మన ఇంటి పిల్లే దాన్ని దేశం దాటిస్తానంటే ఇంకెంత మురిసిపోతానో నీకు తెలుసు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఫుడ్ లైసెన్సు, సరుకులో పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఈ పనులు ఏజెంటు చేసిపెడతాడు. వాటికి టెన్షన్ పడకు.

అసలు చిక్కు కాయలో మిగిలిపోయే పురుగు మందు అవశేషాలది. ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే యూరప్‌లో కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటనివ్వరు. అంటే 100 టన్నుల్లో 1 గ్రాము. మన దగ్గరేమో ఇక్కడ రిజిస్టర్ కాని, కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి లేని మందులకు మసాలా దినుసుల్లో 2024 ఏప్రిల్‌లో ఆ పరిమితిని 0.1కి పెంచారు. ఇక్కడ పాసైన రిపోర్టు అక్కడ ఫెయిలయ్యేది ఇలాగే. ల్యాబ్‌లో యూరప్ పరిమితులతోనే పోల్చి ఇవ్వమని అడుగు. కాయ ఎండితే నీరు పోతుంది, మందు చిక్కబడుతుంది, అది కూడా గుర్తుంచుకో. పొడి చేసి పంపేటట్లయితే క్రిములు చావాలని ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసు పెట్టించొద్దు. 2020లో మన నువ్వులు యూరప్‌లో ఇరుక్కున్నది ఆ గ్యాసు వల్లే.

ఇప్పుడు మీ బాపు సంగతి. వాడు నీకు చెప్పి ఉండడు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కొని యూరప్‌కు ఒక కంటైనర్ పంపాడు. ఎందరో రైతుల సరుకు ఒకే రాశిగా పోయించాడు. ఎవరు ఏ మందు కొట్టారో అడగలేదు. శాంపిల్ కోసం పైనున్న నాలుగు మంచి బస్తాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి పంపాడు. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. అక్కడి రేవులో వాళ్ళు అన్ని వైపుల నుంచీ బస్తాలు తీసి పరీక్ష చేస్తే మందు బయటపడింది. ఒక్క రైతు సరుకు వల్లో ఇద్దరి వల్లో మొత్తం కంటైనర్ వెనక్కి వచ్చింది. పోను కిరాయి, రాను కిరాయి, బ్యాంకు వడ్డీ అన్నీ మీద పడ్డాయి.

అంతవరకూ నష్టమే. తప్పు ఆ తర్వాత జరిగింది. తిరిగొచ్చిన సరుకును తగలబెట్టించమని నేను గట్టిగా చెప్పాను. వినలేదు. ఇక్కడే ఒక కారంపొడి మిల్లుకు సగం ధరకు అమ్మేశాడు. యూరప్ వాళ్ళు తమ పిల్లలు తినకూడదన్న మిర్చి మన పిల్లల పళ్ళెంలోకి పోయింది. ఎవరి వంటింటికి చేరిందో ఎవరికీ తెలియదు. దాని మీద మేమిద్దరం చాలాకాలం మాట్లాడుకోలేదు. మీ బాపు చెడ్డవాడు కాదు బిడ్డా. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు, నీ స్కూలు ఫీజు కట్టాలి. అయినా ఆ పని చేయకూడదు. నీకూ అలాంటి రోజు వస్తుందేమోనని నా భయం. అందుకే చెబుతున్నా, సరుకు వెనక్కి వస్తే ఏం చేస్తావో చేతిలో డబ్బు ఉన్నప్పుడే రాసిపెట్టుకో.

తమ పొలాల్లో వద్దన్న మందులను యూరప్ ఫ్యాక్టరీలు బయటి దేశాలకు అమ్ముతూనే వచ్చాయి. అలాంటి ఎగుమతిని 2022 నుంచి ఆపే చట్టం ఫ్రాన్స్ తెచ్చింది. 2004 నుంచి అమల్లో ఉన్న రోటర్‌డామ్ అంతర్జాతీయ ఒప్పందం తన జాబితాలోని ప్రమాదకరమైన మందు పంపేముందు కొనే దేశాన్ని అడగాలంటుంది తప్ప మందును నిషేధించదు. కొత్త మందును ఆ జాబితాలో చేర్చాలంటే దేశాలన్నీ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఇది అన్యాయమే, నీకు కోపం రావాలి కూడా. కానీ కోపంతో కంటైనర్ పాస్ కాదు.

మన రైతు ఏ మందు కొట్టాలో తేల్చేది ఉద్దెర ఇచ్చే మందుల దుకాణం. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చూశాం కదా, దుకాణంలో ఏది ఇస్తే అది కలిపి కొట్టారు. బయో అని అమ్మిన డబ్బాల్లోనూ రసాయనం కలిపే మోసం ఉంది. 1997-98లో లద్దె పురుగు పత్తిని తినేస్తే, అప్పులు మోయలేక మన జిల్లా రైతులు ఆ మందే తాగి పోయారు. ఆ శవాలను చూసినవాణ్ణి గనక నాకు అవశేషం కన్నా ముందు మందు కొట్టే మనిషి గుర్తొస్తాడు. కాబట్టి రైతుకు ‘ఇది కొట్టకు’ అని చెప్పి ఊరుకోవద్దు. లాగోడికి ముందుగా కొంత డబ్బు నువ్వే ఇవ్వు. ఉద్దెర తప్పితేనే అతను నీ మాట వినగలడు. షెడ్డులో ట్రయజోఫాస్ అనే పురుగు మందు పాత డబ్బాలు ఉన్నాయేమో చూడు, 2020 ఆఖరు నుంచి దాని అమ్మకం మన దేశంలోనే నిషేధం.

మొదటి ఏడాది పది మంది రైతులు చాలు. ఎవరి బస్తాలు వారివే, పేరు రాసిన చీటీతో. ఎవరి శాంపిల్ వారిదే. ల్యాబ్ ఖర్చు ఎక్కువవుతుందని తగ్గించకు, చాలకపోతే నన్ను అడుగు, మొహమాటపడకు.

జనగామ వైపు ఏనబావి అని ఊరుంది. 2006 నాటికే ఊరంతా రసాయన మందులు మానేసింది. నాట్లకు ముందే అక్కడికి పోయి వాళ్ళు పురుగును ఎలా ఆపుతున్నారో రైతులకు చూపిద్దాం. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, నేనూ వస్తా. మీ బాపును కూడా బండెక్కించు.

మీ పెద్దబాపు