మిరప డ్రయ్యర్ ప్రాజెక్టు: డబ్బు కట్టి జర్నల్‌లో వేయించాలా, ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు జిల్లాలో మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. అయిదుగురు కలిసి మిరపకాయలు ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్ తయారు చేశారు. ₹4,000 కడితే వారంలో అంతర్జాతీయ జర్నల్‌లో వేయిస్తామని ఒకాయన పదేపదే ఫోన్ చేస్తున్నాడు. వాళ్ల గైడు మాత్రం రిపోర్టును ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టమంటున్నారు. అలా పెడితే ఎవరైనా కాపీ కొట్టరా? డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరేందుకు రాసే ఈసెట్‌కు గానీ, ఉద్యోగానికి గానీ ఇది పనికొస్తుందా? – ఒక తండ్రి

జవాబు: ఆ డబ్బు కట్టకండి. వారంలో అచ్చు వేస్తామన్నారంటే, ఆ రంగం తెలిసినవారెవరూ వ్యాసాన్ని చదివి తప్పొప్పులు చెప్పబోవడం లేదనే అర్థం. నిజమైన సమీక్షకు సాధారణంగా నెలలు పడుతుంది. ‘యూజీసీ గుర్తింపు ఉన్న జర్నల్’ అని ఆయన నమ్మబలుకుతుంటే, యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలోనే నిలిపివేసిందని చెప్పండి. ఆన్‌లైన్ పత్రాలకు శాశ్వత గుర్తింపుగా ఇచ్చే డీఓఐ నంబరు ఇస్తామన్నా పొంగిపోనక్కర లేదు. ఆ నంబరు పత్రం ఎక్కడుందో చూపిస్తుందే తప్ప, అందులో సరుకు ఉందో లేదో చెప్పదు. పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలోనూ రుసుము తీసుకునేవి ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. అయితే డిప్లొమా ప్రాజెక్టుకు ఆ ఖర్చు అవసరమని నేను అనుకోను.

గైడుగారి సలహా మంచిది. మన పాలిటెక్నిక్‌లలో ప్రాజెక్టు రిపోర్టు వైవా అయిపోగానే బైండింగుతో సహా డిపార్ట్‌మెంటు బీరువాలోకి చేరుతుంది, మరుసటి ఏడు వేరే బ్యాచి అదే డ్రయ్యర్‌ను అవే పొరపాట్లతో మళ్లీ మొదలుపెడుతుంది. మన విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగ ఉన్నది కదా అంటే, అది పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం ఏర్పడినది. ఫిన్లాండ్‌లో పద్ధతి వేరు. అక్కడ ఒకప్పుడు పాలిటెక్నిక్‌లుగా పిలిచిన సంస్థలే నేటి అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు. వాటి విద్యార్థుల చివరి ఏడాది థీసిస్‌లు థిసియస్ అనే ఉమ్మడి రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) చేరతాయి, ఎక్కువ భాగం ఎవరైనా రుసుము లేకుండా చదువుకోవచ్చు. వాటిలో చాలా వరకు ఏదో ఒక కంపెనీ అప్పగించిన పనులే. థీసిస్ అక్కడ బహిరంగ పత్రం కాబట్టి, కంపెనీ రహస్యాలను అందులో రాయకుండా విడి పత్రాలుగా ఉంచుతారు. ఇంగ్లీషులో రాసినవీ ఎన్నో ఉన్నాయి. మీ అబ్బాయి తన అంశానికి దగ్గరగా ఉన్న రెండు మూడింటిని చదివితే రిపోర్టు ఎలా ఉండాలో ఇట్టే బోధపడుతుంది.

ఇక ఏం పెట్టాలన్నది అసలు విషయం. సూర్యశక్తి గొప్పదనం మీద పది పేజీల పరిచయం ఎవరికీ అక్కరలేదు. పక్క ఊరి వెల్డింగ్ షాపు యజమాని గానీ, మరో కాలేజీ విద్యార్థి గానీ దానిని చూసి మళ్లీ తయారు చేయగలగాలి. అందుకు కొలతలతో కూడిన డ్రాయింగులు, వాడిన జీఐ షీటు గేజి (మందం), ఫ్యాను సామర్థ్యం, ట్రేల మధ్య ఎడం, ఏ నెలలో ఏ సామాను ఎంతకు కొన్నారన్న పట్టిక ఉండాలి. వాటికన్నా విలువైనవి రీడింగులు. గంట గంటకూ పెట్టె లోపలా బయటా ఉష్ణోగ్రత, ట్రేల తూకం, ఆ రోజు మబ్బు పట్టిందా లేదా అన్నవి ఎక్సెల్ ఫైలుగానే పెట్టాలి, గ్రాఫు బొమ్మ ఒక్కటే చాలదు. కల్లంలో వారం రెండు వారాలు పట్టే పనిని డ్రయ్యర్ ఎన్ని రోజులకు తగ్గించిందో, తేమ 10 శాతం దగ్గరకు వచ్చిందని ఏ పద్ధతిలో తేల్చారో స్పష్టంగా రాయాలి. ఏదైనా ట్రేలో కాయ మాడి రంగు పోయి ఉంటే, లేదా ఏదో ఒక రాత్రి తేమ తిరిగి పట్టి ఉంటే, ఆ సంగతి దాచకూడదు. రంగు పోతే మిరపకు ధర పడిపోతుందని గుంటూరు వారికి నేను చెప్పనవసరం లేదు. చివర తెలుగులో రెండు పేజీల సారాంశం చేర్చమనండి. ఇంగ్లీషు రిపోర్టు పరీక్షకుడికి సరిపోతుంది గానీ, దాన్ని వాడుకోవలసిన రైతుకూ ఫ్యాబ్రికేటరుకూ సరిపోదు.

ఇక్కడ ఒక మాట సూటిగా అడుగుతాను, నొచ్చుకోవద్దు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు మన పట్టణాల్లో ఉన్నాయి. డ్రయ్యర్‌లో ఏ భాగమైనా అలా కొన్నదైతే, రిపోర్టులో ఏ అధ్యాయమైనా పాత బ్యాచిది ఎత్తి రాసినదైతే, దాన్ని సరిచేసే వరకు బయట పెట్టకూడదు. బీరువాలో ఉన్నంత కాలం కనబడని కాపీ, అందరికీ అందుబాటులోకి రాగానే బయటపడుతుంది.

కాపీ కొడతారన్న మీ భయం విషయానికి వస్తే, డ్రయ్యర్‌ను చూసి మరొకరు తయారు చేసుకోవడాన్ని ఓపెన్ యాక్సెస్ అడ్డుకోదు, దాని ఉద్దేశమే అది. రిపోర్టును, డ్రాయింగులను వాడుకున్నవారు మీ వాళ్ల పేర్లు చెప్పి తీరాలన్న షరతును మాత్రం క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ వారి సీసీ బై లైసెన్సు పెడుతుంది. డిజైనులో నిజంగా కొత్తదనం ఉన్నదని గైడుగారు భావిస్తే, ముందు పేటెంటు సంగతి తేల్చుకోవాలి. మన చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే బయటపడ్డ విషయానికి, కొన్ని పరిమితమైన మినహాయింపులు తప్ప, కొత్తదనం పోయినట్టే. ఆ ఏజెంటు వేయించే జర్నల్ అయినా, ఉచిత రిపాజిటరీ అయినా, టెక్ ఫెస్టులో వివరాలన్నీ చెప్పే స్టాల్ అయినా ఈ ప్రమాదం ఒక్కటే. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకు వ్యక్తులు ఆన్‌లైన్‌లో కట్టవలసిన రుసుము ₹1,600; ఆ తర్వాత 12 నెలల్లోగా పూర్తి వివరణ దాఖలు చేయాలి. అయితే పెట్టె, గాజు పలక, ఫ్యాను కలిపిన మామూలు సోలార్ డ్రయ్యర్ ఎన్నో దశాబ్దాలుగా ఉన్నదే కాబట్టి, పేటెంటు ఆశ మీద ఎక్కువ కాలం ఆగడం దండగ.

పెట్టే ముందు అయిదుగురి సమ్మతీ, గైడుగారి, కాలేజీ అనుమతీ రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫలితాలు వచ్చాక ఒకరు బీటెక్‌కూ, ఒకరు హైదరాబాదుకూ వెళ్లిపోతారు, అప్పుడు సంతకాల కోసం తిరగడం కష్టం. ఈ అనుమతుల పని వైవాకు ముందే ముగించాలి. ఇండస్ట్రియల్ ట్రైనింగులో ఏదైనా కంపెనీ నుంచి తెచ్చిన డ్రాయింగు ఇందులో ఉంటే ఆ కంపెనీ ఒప్పుకోవాలి, లేదా ఫిన్లాండ్ వారిలా ఆ భాగాన్ని రిపోర్టులోంచి తీసేయాలి. కాయలిచ్చిన రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉంచకూడదు.

ఎక్కడ పెట్టాలంటే, జెనోడో చాలు. ఐరోపా అణుపరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న ఈ రిపాజిటరీ రుసుము తీసుకోకుండానే డీఓఐ ఇస్తుంది. ఫైళ్లు ఒకసారి ప్రచురించాక వాటిని మార్చడం సాధారణంగా కుదరదు, దిద్దుబాట్లను కొత్త వెర్షన్‌గా చేర్చాలి. అందుకే గైడుగారు చివరిసారి చూశాకే ప్రచురించే మీట నొక్కాలి. పని పూర్తయ్యాక రెజ్యూమెలో దీన్ని ‘టెక్నికల్ రిపోర్టు’ అనే రాయాలి. జెనోడోలో సమీక్ష ఉండదు కాబట్టి ‘జర్నల్ పేపరు’ అని రాస్తే అబద్ధమవుతుంది.

ఈసెట్‌కు ఇది ఒక్క మార్కు కూడా తేదు. ఆ పరీక్షలోని 200 మార్కుల్లో 100 బ్రాంచి సబ్జెక్టువి, మిగతావి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలవి. ర్యాంకు ఆ చదువుతోనే వస్తుంది, కాబట్టి పరీక్ష దగ్గర పడ్డాక రిపోర్టు ముస్తాబుకు రోజులు ఖర్చు చేయవద్దని అబ్బాయికి చెప్పండి. ఉద్యోగం సంగతి వేరు. మెకానికల్ రంగానికే చెందిన కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో ‘ఏం ప్రాజెక్టు చేశావు’ అన్న ప్రశ్న దాదాపు తప్పదు, లింకు ఇస్తే ఎదుటివారు అక్కడే రీడింగులు తెరిచి ‘మధ్యాహ్నం రెండింటికి ఉష్ణోగ్రత ఎందుకు పడిపోయింది’ అని అడగవచ్చు. ఆ రీడింగు తాను స్వయంగా తీసుకున్నదైతే జవాబు చెప్పగలడు. గ్రూపులో మరొకరు తీసుకున్నదైతే, ఇంటర్వ్యూకు ముందు ఆ స్నేహితుడితో కూర్చుని తెలుసుకోమనండి.