కారు తోలడం తప్పా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయితో కలిసి కొత్త కారు చూడటానికి భీమవరంలో షోరూముకి వెళ్లాను. వాడు ఆటోమేటిక్ తీసుకుందామన్నాడు. ‘చిన్నప్పట్నుంచీ ట్రాక్టరు తోలినవాణ్ణి, గేర్ల బండైతేనే నేను తోలగలను’ అన్నాను. వాడు నన్ను పక్కకి పిలిచి, ‘నాన్నా, తోలేది గేదెల్ని. కార్లని నడుపుతారు’ అన్నాడు. నలుగురిలో చిన్నతనంగా అనిపించింది. కారు తోలడం అనకూడదా? ఇంకొకటి. అక్కడ ఇచ్చిన కాగితంలో ‘గేరులు: 5’ అని ఉంది. గేరులా, గేర్లా? షోరూము కుర్రాడు ‘గేర్ చేంజ్ చేయండి’ అంటాడు, నేను ‘గేరు వెయ్యి’ అంటాను. నాది మోటు మాటేనా?

సమాధానం: మీ మూడు మాటలూ మంచి తెలుగే. మీ అబ్బాయి చెప్పిందీ తప్పు కాదు. కాకపోతే ‘తోలేది గేదెల్ని’ అన్నాడే, అక్కడే పేచీ.

గేదెల్ని తోలతారు, నిజమే. ఆ క్రియ మీ ఊళ్లో చేసే పని అదొక్కటేనా? ఇల్లు కట్టేముందు పునాదిలోకి మట్టి తోలిస్తారు. రేవు నుంచి ఇసుక తోలతారు, చేలోకి ఎరువు తోలతారు. దాళ్వా కోతలయ్యాక ధాన్యం మిల్లుకి తోలతారు. విస్తరి మీద వాలే ఈగల్ని తోలతారు. సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చుంటే చల్లగాలి తోలుతుంది. అంటే పశువుని అదిలించడం దగ్గర మొదలైన మాట బండిని ముందుకు పంపడానికీ, ఆ బండిలో సరుకు చేరవేయడానికీ, చివరికి మనిషి ప్రమేయమే లేని గాలికీ వచ్చింది. ఎడ్ల బండి పోయి ట్రాక్టరు వచ్చినా వెనక ట్రక్కులో ఉన్నది అదే ధాన్యం, అదే మట్టి. కాబట్టి క్రియ మారాల్సిన అవసరం రాలేదు. ట్రాక్టరు తోలిన చేత్తోనే కారు స్టీరింగు పట్టుకున్నవాడు ‘కారు తోలాను’ అనకుండా ఇంకేమంటాడు?

పైగా ఇదేమీ నిన్నమొన్నటి పల్లెటూరి మాట కాదు. మన పాత కావ్యాల్లో సారథులు రథాల్ని తోలారు. ‘రథము దోలె’ అని ద్రుతం (మాట చివరి నకారం) తర్వాత తకారం దకారమై కనిపిస్తుందే తప్ప మాట ఇదే. కురుక్షేత్రంలో అర్జునుడి రథం తోలినవాడు సాక్షాత్తూ శ్రీకృష్ణుడు. ఆయనకి లేని నామోషీ మీకెందుకు?

ఇక ‘నడుపు’ సంగతి. నిలుచు–నిలుపు, తడియు–తడుపు లాగా నడుచు–నడుపు. నడిచేలా చేయడమే నడపడం. మాటకి మాట పట్టుకుని వాదించాలంటే, కారుకి కాళ్లెక్కడున్నాయని మీరూ మీ అబ్బాయిని అడగొచ్చు! అడగకండి. బడి నడుపుతాం, పత్రిక నడుపుతాం, కొట్టు నడుపుతాం, కథ నడుపుతాం. వీటిలో దేనికీ కాళ్లు లేవు. అర్థం విస్తరించడం ‘తోలు’కి ఎంత హక్కో ‘నడుపు’కీ అంతే.

డెల్టాలో ‘నడుపు’కి గట్టి చోటు ఇచ్చింది పడవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలయ్యాక చాలాకాలం సరుకులకీ మనుషులకీ పడవే దిక్కు. పడవని నడుపుతారే గాని, తోలతారనడం నేను వినలేదు. ఇప్పటికీ నర్సాపురం–సఖినేటిపల్లి రేవుకి వెళ్తే రెండు క్రియలూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఊరి నుంచి కారు తోలుకొచ్చిన ఆయన దాన్ని ఏరు దాటించే పంటు మీదికి ఎక్కించి, హ్యాండు బ్రేకు వేసి, దిగి నిలబడతాడు. అక్కణ్ణుంచి అవతలి గట్టుదాకా పంటు నడిపేవాడిదే భారం. 

లైసెన్సు దరఖాస్తులోనూ పత్రికలోనూ ‘నడుపు’ రాయండి, అది అన్ని జిల్లాలవాళ్లకీ ఒకే తీరుగా అందుతుంది. ‘విమానం తోలాడు’ అంటే మాత్రం మీ ఊళ్లో కూడా నవ్వుతారు. కారు విషయంలో, ఇంట్లో, వీధిలో, షోరూములో మీ మాట మీరు మార్చుకోనక్కర్లేదు. 

నిజానికి నేను వద్దనేది మూడోదాన్ని. ‘ఆయన కారు నడిపిస్తున్నాడు’ అని టీవీల్లో తరచు వింటున్నాం. నడుపులోనే ‘నడిచేలా చేయు’ ఉంది కదా, దానికి మళ్లీ ‘ఇంచు’ తగిలిస్తే ఇంకొకరి చేత నడపడం అవుతుంది. మీరు పక్క సీట్లో కూర్చుని మీ అబ్బాయి చేత కారు నడిపిస్తే అది నడిపించడం. 

‘గేరు వెయ్యి’ మోటు మాట కానే కాదు. ఆ ప్రయోగంలో ఉన్న సొగసు ‘గేర్ చేంజ్ చేయండి’లో లేదు. ‘వేయు’కి జతగా ‘పడు’ అనే క్రియ ఒకటి ఉంది. తాళం వేస్తాం, తాళం పడుతుంది. ముడి వేస్తాం, ముడి పడుతుంది. బ్రేకు వేస్తాం, బ్రేకు పడుతుంది. గేరూ ఈ వరసలోకే వచ్చి కూర్చుంది. క్లచ్చి పూర్తిగా తొక్కకుండా గేరు వేస్తే కర్రుమంటుంది గాని పడదు. ‘వేశాను, పడలేదు’ అని మీరు రెండు మాటల్లో చెప్పేస్తారు. మొదటిది మన ప్రయత్నం, రెండోది బండి జవాబు. ‘చేంజ్ చేశాను’ అన్నాక పడిందో లేదో చెప్పడానికి ఇంకో వాక్యం వెతుక్కోవాలి.

ఇక్కడ ‘మార్చు’కి కూడా దాని చోటు దానికుంది. లంకలోంచి వచ్చి ఏటిగట్టు ఎక్కాలి, వాలు మధ్యలో ఎదురుగా మోటారు సైకిలు వస్తే ఆగారనుకోండి. హ్యాండు బ్రేకు లాగి గేరు తీశారు. మళ్లీ కదలాలంటే క్లచ్చి తొక్కి ఫస్టు గేరు వేస్తారు, క్లచ్చి కొంచెం కొంచెంగా వదులుతూ, బండి ముందుకి గుంజగానే హ్యాండు బ్రేకు దింపుతారు. అక్కడ ‘గేరు మార్చాను’ అంటే అతకదు, ఎందుకంటే అంతకుముందు బండి ఏ గేరులోనూ లేదు. పైకెక్కి గట్టు మీద తిన్నటి రోడ్డులో పడ్డాక ఫస్టు తీసి సెకండు వేస్తారు చూడండి, అదీ గేరు మార్చడం. మీ షోరూము కుర్రాడు న్యూట్రల్లో ఉన్న బండికి కూడా చేంజ్ చేయమన్నాడంటే ఆ తేడా ఆయన చెవికి ఆనలేదన్నమాట.

ఆటోమేటిక్ బండిలో గేర్లు వాటంతటవే మారతాయి. అందుకని దాన్ని ‘గేర్లు లేని బండి’ అంటున్నారు. మాట వాడుకలో పడిపోయింది గాని, విషయం చూస్తే అందులో న్యాయం తక్కువ. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో చవక కార్లలోకి వచ్చిన ఏఎమ్‌టీ పద్ధతిలో గేరు పెట్టె మామూలు గేర్ల బండిదే. క్లచ్చి తొక్కే పనీ గేరు వేసే పనీ యంత్రం చూసుకుంటుంది, అంతే. ఆ పేరు పూర్తిగా చెల్లేది స్కూటర్లకి. కైనెటిక్ హోండా రోజుల నుంచీ వాటిలో మెట్లుగా ఉండే గేర్లకి బదులు బెల్టే పని చేస్తోంది. స్కూటరుకి అలవాటైన నోరే కారునీ అలా పిలుస్తోందని నా ఊహ. మీరన్న ‘గేర్ల బండి’ మాత్రం ఎలా చూసినా సరైనదే.

‘గేరులు’ అని రాసినాయన జాగ్రత్త కోసమే రాసి ఉంటాడు. కానీ తెలుగు నోరు అలా పలకదు. ‘రు’తో ముగిసే మన మాటలు బహువచనంలో రెండు దారులు పడతాయి. ఊరు ఊళ్లవుతుంది, గోరు గోళ్లవుతుంది. పేరు మాత్రం పేర్లవుతుంది. చెట్టు వేరుకి వేర్లూ వేళ్లూ రెండూ వినపడతాయి. ఇంగ్లీషు నుంచి వచ్చినవి పేరు దారే పట్టాయి: కార్లు, గేర్లు, టైర్లు, ట్రాక్టర్లు, డ్రైవర్లు. కారు గనక ఊరు దారి పట్టి ఉంటే కాళ్లయ్యేది, మనకి కొత్త చిక్కు వచ్చిపడేది. ‘కారులు’ అన్నా చిక్కే. కళాకారులు, ఉద్యమకారులు అనే మాటల చివర ఆ రూపం ముందే ఖర్చయిపోయింది. ఏకవచనంలో మాత్రం కారులో, కార్లో, గేరులో, గేర్లో అన్నీ సాధువులే. రాసేటప్పుడు మొదటివి, మాట్లాడేటప్పుడు రెండోవి సహజంగా వస్తాయి.

మీరడగలేదు గాని, ఇందాకట్నుంచీ నేను ‘క్లచ్చి’ అంటుంటే ‘క్లచ్చు’ అలవాటైనవాళ్లకి ఎబ్బెట్టుగా ఉండొచ్చు. ఇంగ్లీషు మాట చకారంతోనో జకారంతోనో ఆగితే మన నోరు ఉకారానికి బదులు ఎక్కువగా ఇకారం చేరుస్తుంది. బెంచి, బ్రిడ్జి, కాలేజి, మైలేజి ఇలా వచ్చినవే. బస్సు, బ్రేకు, గేరు వేరే వర్గం. స్విచ్చి, స్విచ్చు అని రెండూ ఉన్నట్టే క్లచ్చి, క్లచ్చు రెండూ చలామణీలో ఉన్నాయి. మీ ఇంట్లో ఏది అంటే అదే అనండి. రాతలో నేనైతే క్లచ్చి అనే రాస్తాను.