ముందుకాళ్ళు మడుచుకుని పుట్టిన దూడ

సందేహం: మా సంకరజాతి జెర్సీ ఆవు రెండు రోజుల క్రితం ఈనింది. పెయ్యదూడ ముందుకాళ్ళ గిట్టలు వెనక్కి మడిచి, గిట్టపై కీలును నేలకు ఆనించి నిలబడుతోంది. నరాల బలహీనతని, బలానికి సూదులు వేయించమని కొందరు అంటున్నారు. ఇది తగ్గుతుందా? వచ్చే ఈతలోనూ ఇలాగే అవుతుందా? – ఒక పాడి రైతు, కృష్ణా జిల్లా

సలహా: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది నరాల బలహీనతలా లేదు. కండరాన్ని ఎముకకు కలిపే తెల్లటి గట్టి పట్టీలను టెండన్లు అంటారు. గిట్టను వెనక్కి మడిచే టెండన్లు కాలి పొడవుకు చాలినంత సాగకుండానే దూడ పుట్టి ఉంటుంది.

చూలు నిలిచిన మొదటి నెలలోనే పిండానికి కాళ్ళ మొలకలు వస్తాయి. కాలి కండరాలయ్యే కణాలు ఆ మొలకలో పుట్టవు. వెన్ను పొడవునా జంటలుగా ఏర్పడే సోమైట్లు అనే కణాల ముద్దల నుంచి అక్కడికి వలస వస్తాయి. టెండన్ల కణాలు మాత్రం, ఎముకల కణాల మాదిరిగానే, మొలకలోని కణజాలం నుంచే తయారవుతాయి. వేరువేరు చోట్ల మొదలైన ఈ రెండూ తర్వాత ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. కండరం లేకున్నా టెండన్ ఏర్పడటం మొదలవుతుంది గానీ, కండరం లాగుతూ ఉంటేనే అది సరిగా పెరుగుతుందని ఎలుక, కోడి పిండాలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకే సుమారు 280 రోజుల చూలులో దూడ కాళ్ళు ఆడించడం చాలా ముఖ్యం. దూడ పెద్దదై గర్భసంచిలో చోటు చాలకపోతే ఆ కదలిక తగ్గుతుంది.

దూడను పక్కకు పడుకోబెట్టి, మోకాలు చాచి పట్టుకుని, గిట్టను మెల్లగా ముందుకు నెట్టి చూడండి. కాలు తిన్నగా వస్తే కోలుకునే అవకాశం బాగా ఉంది. జారని నేల మీద రోజూ కొంతసేపు నడిపిస్తే, ఒంటి బరువు పడిన కొద్దీ టెండన్లు సాగుతాయి. అది చాలకపోతే పశువైద్యుడి చేత కట్టు కట్టించండి. కాలికి మందంగా దూది చుట్టి, నిలువునా చీల్చిన పీవీసీ పైపు ముక్కను వెనుక వైపు పెట్టి కడతారు. దూడ కాలు త్వరగా ఒరుసుకుపోతుంది కనుక పుండు పడకుండా రోజూ కట్టు చూడాలి. పొదుగు అందుకోలేకపోతే పాలు మీరే సీసాతో పట్టించండి. కాలు కొంత మాత్రమే సాగితే టెండన్ కోసే శస్త్రచికిత్స ఉంది. కీలే బిగుసుకుని అసలు కదలకపోతే కోలుకోవడం కష్టం.

సాధారణంగా వచ్చే ఈతలో ఇది తిరిగి రాదు. అయితే ఒకే ఆబోతు వీర్యంతో పుట్టిన దూడల్లో మళ్ళీ కనిపిస్తే ఆ వీర్యం మానేయండి. ఊళ్ళో చాలా ఆవులకు ఒకే కాలంలో కీళ్ళు బిగుసుకున్న దూడలు పుడితే, దోమల వంటి కీటకాలు వ్యాపింపజేసే అకబానే వైరస్‌ను అనుమానించి, నమూనాలు తీయించమని మీ పశువైద్యశాలలో వెంటనే చెప్పండి.