నానోఫోటోనిక్స్ ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరేముందు పాత స్కాలర్లను ఏం అడగాలి?

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించి ఇలాంటి ల్యాబ్ (అతి సూక్ష్మ నిర్మాణాలతో కాంతిని మలిచే పరిశోధన) వెతికేవాళ్లు "ఇప్పుడెక్కడ ఉద్యోగం?" అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. శాంపిల్ ఎక్కడ తయారైందో అడగండి. సొంత క్లీన్‌రూమ్ (దుమ్ము లేని తయారీ గది) లేకుంటే బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట స్లాట్ కోసం కాచుకోవాలి.

రెండోది, రెసిపీ, అంటే శాంపిల్ తయారుచేసే పద్ధతి, దాని అంకెలు. గాజు మీద ఎలక్ట్రాన్ బీమ్‌తో గీస్తే ఛార్జ్ పేరుకుని గీత పక్కకు జరుగుతుంది. అందుకే రెసిస్ట్ (బీమ్ తగిలినచోట మారే పూత) పైన పలుచటి వాహక పొర వేయాలి. డోసేమో (ఒక్కోచోట పడాల్సిన ఎలక్ట్రాన్ల మోతాదు) రెసిస్ట్ మందం, అడుగు పదార్థం, బీమ్ వోల్టేజిని బట్టి మారుతుంది. శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) దొరికే థీసిస్‌లో ఇదంతా చాలాసార్లు ఒక్క వాక్యమే. అసలు అంకెలు సీనియర్ నోటుబుక్కులో ఉంటాయి. అది ల్యాబ్‌లోనే ఉందా, ఆయనతో పోయిందా? పోయుంటే డోస్ టెస్ట్ మళ్లీ మొదట్నుంచే.

మధ్యలో మానేసినవాళ్లు దొరికితే వాళ్లనే ముందు అడగండి.